బందరు వచ్చి గడ్డిపరక పాఠమా!

ఆ సర్క్యులర్ మీకూ వచ్చే ఉంటుంది. రాలేదంటే మీకు ఉద్యోగం లేదన్నమాట, అదృష్టవంతులు. పని ఒత్తిడిని జయించి మానసిక దృఢత్వం పెంచుకోవాలట. ఆదివారం మధ్యాహ్నం రెండింటికి, హాజరు తప్పనిసరి. వారం మొత్తంలో ఒత్తిడి లేకుండా చేపల పులుసు తిని కునుకు తీసే పూట అదొక్కటే. ఒత్తిడి తగ్గించేవాళ్లకు ఆ పూటే దొరికింది.

నేను ఎక్కడ పనిచేస్తానో చెప్పను. చెబితే ఇంకో శిక్షణకు పంపుతారు. గుడివాడలో ఉంటాను, రోజూ బందరు వెళ్లి వస్తాను, అంతే. నలుగురు ఉండాల్సిన సెక్షన్లో ఇద్దరం ఉన్నాం. మూడో కుర్చీలో ఫైళ్లు కూర్చుంటాయి. నాలుగో కుర్చీని పక్క సెక్షన్ వాళ్లు ఎత్తుకుపోయారు.

హాజరుకు ఫోన్లో ముఖం చూపించాలి. నా ముఖాన్ని ఫోన్ మూడుసార్లు కాదంది. “కొంచెం నవ్వండి సార్, పాత ఫోటోలో నవ్వుతున్నారు” అన్నాడు పక్కనున్న కుర్రాడు. ఆ పాత ఫోటో నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో తీయించుకున్నది.

నాలుగు శాఖల వాళ్లను ఒక హాల్లో కూలేశారు. ఫ్యాన్లు మూడు, తిరిగేది ఒకటి, దాని కింద శిక్షకుడు. ‘రెజిలియన్స్’ అని తెర మీద వేసి, కింద తెలుగులో ‘స్థితిస్థాపకత’ అని రాశాడు. నా పక్కన కూర్చున్న సైన్సు మాస్టారు ఉలిక్కిపడ్డారు. “ఇది నా పాఠమండీ! పిల్లలకు రబ్బరుబ్యాండుతో చెబుతాను. లాగి వదిలితే మళ్లీ మామూలుగా అవుతుంది. దానికో అవధి ఉంటుంది. అది దాటితే సాగింది సాగినట్టే ఉండిపోతుంది. ఇంకా లాగితే తెగుతుంది” అని చెవిలో గొణిగారు. అవధి స్లైడు కోసం ఇద్దరం చివరిదాకా చూశాం. రాలేదు.

వచ్చింది గడ్డిపరక. తెర మీద ఒక పక్క తుపానుకు కూలిన తాటిచెట్టు, ఇంకో పక్క పచ్చగా గడ్డిపరక. “తలవంచని చెట్టు కూలిపోతుంది. వంగిన గడ్డిపరక బతుకుతుంది. మీరు చెట్టా, గడ్డిపరకా?” అని అడిగాడు. గడ్డిపరక అనాలని మాకూ తెలుసు. వెనక వరసలోంచి ఒక ఏఎన్ఎం గారు, నాగాయలంక వైపు మనిషి, మెల్లగా అడిగింది: “గడ్డి ఎక్కడ బతికిందండీ?”

ఈ ఉపమానం ఏ బెంగళూరు ఏసీ గదిలోనో చెప్పుకుంటే నాకేం అభ్యంతరం లేదు. బందరు వచ్చి, దివిసీమ జనాన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని, తుపాను గురించి గడ్డిపరకతో చెప్పడానికి మాత్రం చాలా గుండె ధైర్యం కావాలి, లేదంటే ఏమీ తెలియకపోవాలి. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చింది. సొర్లగొంది, పాలకాయతిప్ప పేర్లు చెబితే ఇప్పటికీ పెద్దవాళ్లు మాట ఆపేస్తారు. లెక్కకు వచ్చినవాళ్లే పదివేల మంది దాకా. కృష్ణ సముద్రంలో కలిసే హంసలదీవి చుట్టుపక్కల ఆ రాత్రి వంగనిది ఏముంది? గుడిసెలు వంగాయి, మనుషులు వంగారు, వరి చేలు నేలకు అంటుకునేలా వంగాయి. వంగినవాటి మీంచే నీళ్లు పోయాయి.

అసలు బతికిందెవరు? చెట్టును వాటేసుకున్నవాళ్లు. తుమ్మముళ్లు ఒంట్లో దిగినా వదలనివాళ్లు, తాటిచెట్టు ఎక్కి తెల్లారేదాకా కరుచుకుని ఉన్నవాళ్లు. మా చిన్నప్పుడు ఈ కథలు చెప్పని ముసలాయన లేడు. ఎవరూ గడ్డిపరకను పట్టుకుని బతికామని చెప్పలేదు. సముద్రపు ఉప్పునీరు నిలిచిన చేలో ముందు చచ్చేది గడ్డే. గడ్డి లేక పశువులు, పశువులు లేక రైతు. ఇది దివిలో పాలు పితికే పిల్లాడికి కూడా తెలుసు. శిక్షకుడికి తెలియదు, ఎందుకంటే ఆయన స్లైడులో నీళ్లు లేవు, గాలి ఒక్కటే ఉంది.

ఇంకో సంగతి. ఉప్పెన తర్వాత దివికి ఎంతోమంది వచ్చారు. అన్నం వండి పెట్టినవాళ్లు, శవాలు ఎత్తినవాళ్లు, ఇళ్లు కట్టించినవాళ్లు. ‘వంగడం ఎలా’ అని క్లాసు పెట్టినవాళ్లు లేరు. తుపాను షెల్టర్లు కట్టారు, కట్టలు పోశారు, రోడ్లు వేశారు. బందరులో తుపాన్లను కనిపెట్టే రాడారు పెట్టారు. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను తీరం దాటేసరికి లోతట్టు ఊళ్ల జనాన్ని ముందే షెల్టర్లకు చేర్చారంటే, ఈ నలభై ఎనిమిదేళ్లలో వాళ్ల మనసు గట్టిపడిందని కాదు, గోడ గట్టిదైంది. కబురు రోజుల ముందే అందింది. ఆ కబురు ఇంటింటికీ చెప్పి, రానన్న ముసలమ్మను ఒప్పించి తీసుకొచ్చే పని ఈ హాల్లో కూర్చోబెట్టిన సచివాలయం వాళ్లది, రెవెన్యూ వాళ్లది, ఏఎన్ఎంలది. వాళ్లకు తుపాను గురించి చెబుతున్నాడీయన.

పోనీ, ఉపమానమే కదా అనుకుందాం. అయితే ఆఫీసులో తుపాను ఎవరు? అది చెప్పడేం? సముద్రంలో పుట్టే తుపానుకు బంగాళాఖాతం బాధ్యత. ఆఫీసులో వచ్చే తుపానుకు మెమో నంబరు ఉంటుంది, తేదీ ఉంటుంది, కింద సంతకం ఉంటుంది. సంతకం పెట్టినాయన గడ్డి అవడు. గడ్డి అవ్వాల్సింది మేమే.

నాకు కోపం ఇక్కడే. ఖాళీలు నింపరు. ఉన్నవాడితో ముగ్గురి పని చేయిస్తారు. వాడికి నిద్ర పట్టకపోతే, లోపం వాడి నిద్రలో ఉందంటారు. కొట్టి, ఏడుపు ఎలా ఆపుకోవాలో నేర్పడం ఇది. నేర్పినందుకు చప్పట్లు కూడా కొట్టాలి. మనిషిని అలిసిపోయేలా చేసి, ఆ అలసటను అతని చేతగానితనంగా రాసుకోవడం కన్నా నీచమైన పని ఆఫీసుల్లో ఇంకొకటి నాకు తెలియదు. పని పద్ధతి మార్చాలంటే డబ్బు ఖర్చు, మాట పడాలి. మనిషిని మార్చడానికి ఒక ప్రొజెక్టరు, రెండు ప్యాకెట్ల బిస్కెట్లు చాలు.

చుట్టూ చూడండి. ఇదే బందరులో 1923లో పట్టాభి సీతారామయ్య గారు ఆంధ్రా బ్యాంకు పెట్టారు. 2020లో అది యూనియన్ బ్యాంకులో కలిసింది. ఏ బ్యాంకు బోర్డు ఉన్నా ఇవాళ కౌంటరు వెనక కూర్చున్న పిల్ల, పింఛను తీసుకోవడానికొచ్చిన మామ్మకు బీమా అంటగట్టకపోతే సాయంత్రం మాటలు పడాలి. పాఠం చెప్పాల్సిన మాస్టార్ల చేత కొన్నేళ్లు మరుగుదొడ్ల ఫోటోలు తీయించారు. అంగన్‌వాడీ అక్కలు 2023 డిసెంబరులో జీతం పెంచమని రోడ్డెక్కి 42 రోజులు కూర్చుంటే, వాళ్ల మీదికి ఎస్మా వచ్చింది, యోగా మాస్టారు రాలేదు. 2025లో రోజుకు తొమ్మిది గంటల పనిని పదికి పెంచుతూ రాష్ట్రంలో చట్టం సవరించారు. ఫ్యాక్టరీల్లో ఓవర్‌టైం మూడు నెలలకు 75 గంటలుండేది 144 అయింది. మధ్యలో విరామం ఐదు గంటలకోసారి ఉండేది ఆరు గంటలకోసారి. వారానికి 48 గంటలు దాటనివ్వం కదా అంటారు. ఆ విరామంలో ప్రాణాయామం చేసుకోవచ్చు కాబోలు.

అదే ఏడాది విశాఖలో మూడు లక్షల మందితో యోగా వేయించారు. ఆసనాలతో నాకు తగువు లేదు, మా నాన్న డెబ్భై ఏళ్లకీ వేస్తాడు. రెండు కోట్ల మంది లక్ష్యం అన్నప్పుడే నా మెడ పట్టేసింది. లక్ష్యం అన్నాక అది ఎవరో ఒకరి నెత్తి మీదే కదా దిగేది!

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది, బర్నవుట్ అనేది పనిచేసే చోట పుట్టే సమస్య అని. 2024లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకుడు విలియం ఫ్లెమింగ్ బ్రిటన్‌లో 46,336 మంది ఉద్యోగుల వివరాలు పరిశీలిస్తే, ఇలాంటి తరగతుల్లో కూర్చున్నవాళ్లు కూర్చోనివాళ్ల కన్నా మెరుగ్గా ఏమీ కనిపించలేదు. అంత లెక్క ఎందుకు? ఆ ఏఎన్ఎం గారిని అడిగితే సరిపోయేది.

చివర్లో ఫోన్లో అభిప్రాయం అడిగారు. ‘శిక్షణ తర్వాత మీ ఒత్తిడి?’ కింద మూడు గళ్లు: తగ్గింది, బాగా తగ్గింది, చాలా బాగా తగ్గింది. ‘సూచనలు’ అనే చోట, మూడో కుర్చీలో ఒక మనిషిని కూర్చోబెట్టండి, నాలుగో కుర్చీ వెనక్కి ఇప్పించండి అని రాయబోయాను. ఇరవై అక్షరాలు మించకూడదంది. ‘కుర్చీ’ అని రాసి వదిలేశాను. బయటికొచ్చేసరికి గుడివాడ పాసింజరు వెళ్లిపోయింది.

సోమవారం పదిన్నరకు పైనుంచి ఫోను. కుర్చీ కోసం విడిగా ఇండెంటు పెట్టుకోవాలట. మరో సంగతి: నిన్నటి గ్రూపు ఫోటోలో నేను నవ్వలేదట, నవ్వుతూ ఇంకోటి దిగి సాయంత్రం ఐదింటిలోగా అప్‌లోడ్ చేయాలట.