మూడవ ప్రమాద హెచ్చరిక

భద్రాచలము రోడ్డు అను పేరుగల రైలుస్టేషను కొత్తగూడెములో నున్నది. భద్రాచలమో, అచ్చటికి సుమారు 40 కిలోమీటర్ల దవ్వున, గోదావరికి ఆవలి యొడ్డున నున్నది. రామదర్శనకాంక్షతో ఎచ్చటెచ్చటినుండియో వచ్చి, ఆ బోర్డు చదివి, మూటముల్లెలతో దిగి, గాలిగోపురము కొరకు నలుదిక్కులు పరికించు యాత్రికులను చూచినప్పుడెల్ల, ఆ పేరు పెట్టిన మహానుభావుడెవ్వడోగాని స్థిరాస్తి వ్యాపారమునకు ఆదిపురుషుడు వాడేయని నాకు తోచుచుండును. 'హైవేకు కూతవేటు దూరములో' అని మా బ్రోచర్లలో అచ్చువేయువారందరును వాని శిష్యప్రశిష్యులే. భేదమొక్కటే: ఆ పేరు పెట్టినందులకు రైల్వేవారికి గుండెదడ పుట్టినట్లు ఎవ్వరును చెప్పగా వినలేదు, నేనో, ఇరువది నిమిషముల దూరమును పది నిమిషములని చెప్పవలసిన చోట, ఎందుకైనను మంచిదని అరగంటయని చెప్పి, కారెక్కిన గిరాకీని కారు దిగునట్లు చేయు జాతివాడను.

నా నివాసము ఖమ్మము. నా జీవనము మాత్రము ఖమ్మమునకును భద్రాచలమునకును నడుమ, మిరపచేలు వెనుకబడి టేకుచెట్లు ముందుకు వచ్చు ప్రదేశమున, ఒకరి భూమిని వేరొకరికి చూపించుచు, ఇరువురిచేతను మాటలు పడుచు గడచుచున్నది. అమ్మువాడు నన్ను కొనువాని మనిషియనియు, కొనువాడు నన్ను అమ్మువాని మనిషియనియు నమ్ముదురు. నేనెవ్వరి మనిషినో నాకే తెలియని దినములు పెక్కులు. అట్టి దినముల రాత్రి రెండుగంటలవేళ మెలకువ వచ్చును. పైకప్పు వంక చూచుచు పడుకొనియుండగా, 'ఆ సర్వే నెంబరునకు బై నెంబరేమైన నున్నదా? ఆ బాట గ్రామనక్షాలో నున్నదా, లేక మొన్న ట్రాక్టరుతో తోలించినదా? అసలు నేనీ పనికి తగుదునా?' అను మూడు ప్రశ్నలు ఈ క్రమముననే పుట్టుచుండును. మొదటి రెండింటికి తహశీల్దారు కార్యాలయమున సమాధానము దొరకును. మూడవదానికి ఏ కార్యాలయమున దరఖాస్తు పెట్టవలెనో నేటికిని తెలియరాలేదు.

దరఖాస్తు అక్కరలేదు, శిక్షణ చాలునని కొందరు నమ్మించిరి. ఎండలు మండు దినములలో, ఖమ్మములో నొక ఫంక్షను హాలున, మావంటివారి యుద్ధరణార్థము శిబిరమొకటి జరిగినది. హైదరాబాదునుండి కోటు తొడుగుకొనియే వచ్చిన యువకుడొకడు, చెమటలు క్రక్కుచు, 'ప్రతిదినము ప్రాతఃకాలమున అద్దము ముందు నిలిచి, నేను గెలుస్తాను, నన్నెవరూ ఆపలేరు అని బిగ్గరగా చెప్పుకొనుడు. మీ అనుమానములు పటాపంచలగును' అని ఉపదేశించెను. మరునాడు నేనును నిలిచితిని. అద్దములోని మనిషి తాను గెలుతునని గంభీరముగా పలికెను. వృత్తిధర్మమునుబట్టి నేను వానిని లింకు డాక్యుమెంట్లు అడిగితిని. వాడు నీళ్ళు నమలెను. వంటయింటినుండి నా భార్య, "పొద్దున్నే ఎవరితోనండీ బేరం?" అని అడిగెను. తెగని బేరమని చెప్పి గడ్డము గీసికొంటిని.

ఈ ఉపదేశమక్కరలేనివాడు మావారిలో నొకడు కలడు. తల్లిదండ్రులు పెట్టిన పేరును లోకము మరచి, వానిని 'హండ్రెడ్ పర్సెంట్' అనియే పిలుచుచున్నది. టైటిలు క్లియరా యన్నను, బోరులో నీళ్ళు పడునా యన్నను, మధ్యాహ్నమునకు వాన వెలియునా యన్నను వాని సమాధానమొక్కటే: "హండ్రెడ్ పర్సెంట్!" ఆ మాట చెవిని పడినంతనే గిరాకీల ముఖములు వికసించును, బయానా నోట్లు జేబులనుండి తమంతట తామే వెలికి వచ్చును. నేను "ఒక్కసారి ఈసీ తీయించి చూద్దామండీ" అన్నచో, అప్పటివరకు నవ్వుచున్నవారు సైతము వాచీలు చూచుకొందురు.

అనుమానము నా స్వభావదోషమని మిత్రులందురు. నా మనవి వేరు. అది ఈ నేల గుణము. ఈ సీమలోని షెడ్యూల్డు ప్రాంతములు 1950లో రాష్ట్రపతి ఉత్తర్వుల మూలమున ప్రకటింపబడినవి. తెలంగాణ వైపున అవి ఊరూరి పేరుతో జాబితాగా వెలువడినవి. ఒక ఊరు జాబితాలో నుండును, పొరుగూరు ఉండదు. రెండింటి నడుమ గోడ లేదు, కంచె లేదు, బోర్డు లేదు. ఒక గేదె ఉదయమున ఈ ఊరి గట్టున మేసి, మిట్టమధ్యాహ్నమున ఆ ఊరి కుంటలో పడుకొని, సాయంకాలమునకు మరల ఇల్లు చేరును. తాను రెండు చట్టములలో తిరిగివచ్చితినని దానికి తెలియదు గనుకనే దాని నిద్రకు భంగము లేదు. ఆ గట్టు కీవల గజము ధర పలుకును. ఆవల అదే మన్ను, అదే రంగు, అవే ఇప్పచెట్లు, గిరిజనేతరునకు మాత్రము ఎకరమైనను అమ్ముటకు వీలులేదు.

వీలులేకుండుటకు కారణము నవ్వులాట కాదు. అప్పుపద్దుల దారిని గిరిజనుల భూములు మైదానపు వర్తకుల చేతికి జారిపోవుట చూచి, మద్రాసు ప్రభుత్వము 1917లోనే ఏజెన్సీ భూముల బదిలీకి అడ్డుకట్ట వేసినది. అప్పటికి భద్రాచలము తాలూకా గోదావరి ఏజెన్సీలో నుండెడిది. ఆ కట్టకు గండ్లు పడగా 1959లో కొత్త రెగ్యులేషను వచ్చినది. 1963లో అది తెలంగాణ ప్రాంతమునకు విస్తరించినది. 1970లో దానిని సవరించుచు వచ్చినదే, మావారు 'వన్ బై సెవెంటీ' అని పలుకుచు పలికినపుడెల్ల గొంతు తగ్గించు శాసనము. షెడ్యూల్డు ప్రాంతమున స్థిరాస్తి గిరిజనునకో, గిరిజనుల సహకార సంఘమునకో తప్ప అన్యులకు బదిలీ కారాదు. అమ్మువాడు గిరిజనేతరుడైనను ఇదియే నియమము. అచ్చటి భూమి గిరిజనేతరుని స్వాధీనమున నున్నచో, వేరు ఋజువు చూపనంతవరకు, అది గిరిజనుని చేతినుండి వచ్చినదేయని చట్టము తలంచును. 1988లో సుప్రీంకోర్టు సైతము ఇది చెల్లునని తేల్చినది. కనుక పాఠకులు గమనింపవలెను: శాసనసమ్మతముగా అనుమానపడుట నేర్చిన మధ్యవర్తిని నేను, రోగినని నన్ను కోటు తొడుగుకొన్న యువకుని యొద్దకు పంపినవారే చట్టము చదువలేదు.

ఈ సంగతి నంతయు పదవీవిరమణ చేసిన యొక ఇంజనీరుగారికి కారులో పాల్వంచ చేరులోపల విడమరచి చెప్పితిని. ఆయన సావధానముగా విని, కొంతసేపు గణించి, "ఆ ఒక్క వంతూ వాళ్ళకే వదిలేద్దామండీ, మిగతా అరవై తొమ్మిది వంతులు నా పేరు మీద రాయించండి" అనెను. మరియొక పెద్దమనిషికి ఇంతటి గణితము లేదు, ఉన్నది లౌక్యము. "ఎవరైనా కోయాయన పేరు మీద పెట్టేస్తే సరి గదా, మనకు కావలసినవాడే ఒకడుంటే చూడు" అని చెవిలో చెప్పెను. పరుల భూమిని పరుల పేరనే దాచి తనదిగా అనుభవింపవలెనను ఈ బుద్ధికి ఎంత ఆత్మవిశ్వాసము కావలయును! నాకంత లేదు. ఆ లేమికి నేనెన్నడును చింతింపలేదు.

చింతయంతయు తక్కిన విషయములలోనే. దానిని కొలుచుటకు నాకు కొలమానమిచ్చినది గోదావరి. భద్రాచలమువద్ద నీటిమట్టము 43 అడుగులు చేరినచో మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది. 2022 జూలైలో నది 71 అడుగులు దాటినది. 1986లో 75 దాటిన వరదను పెద్దలింకను నిన్న జరిగినట్లే చెప్పుదురు. నదికున్నపాటి క్రమశిక్షణ నా మనస్సునకును ఉండవలదా యని యోచించి, దానికిని మూడు హెచ్చరికలు ఏర్పరచితిని.

మొదటిది, గిరాకీ కారు ముందుసీటులో వాస్తుపండితుడు కానవచ్చుట. ఆయన దిగి, దిక్సూచి తీసి, పాదరక్షలు విడిచి, ఈశాన్యము పెరిగినదా తగ్గినదా యని విచారించును. ఈ ప్రాంతమున ఈశాన్యము పెరుగుటకు కొరత యెక్కడిది? రిజర్వు ఫారెస్టు రాయి మొదలు కిన్నెరసాని దాకా అది పెరుగుచునేయున్నది. అయినను ఆయన తల అడ్డముగా నూపును. నా మట్టము 43కు చేరును.

రెండవది, "ఇంట్లో అడిగి చెప్తానండీ" అను వాక్యము. తెలుగున దీనికంటె మర్యాదగల వాక్యము లేదు, దీనికంటె దీర్ఘమైన మౌనమునకు నాందియు లేదు. ఆ పిమ్మట ఫోను మ్రోగదు. మ్రోగినచో, అప్పు కావలయునా యని ఏదో బ్యాంకు పేర నొక సుకుమారకంఠము అడుగును. కావలయునని చెప్పుటకు నోరు వచ్చును గాని, ఆదాయమెంతయని ఆమె అడుగు తరువాతి ప్రశ్నకు భయపడి పెట్టివేయుదును.

మూడవది మహత్తరమైనది. స్లాటు బుక్కయి, సాక్షులు వచ్చి, అందరును వేలిముద్రలకు వేళ్ళు తుడుచుకొనుచుండగా, ఆటో యొకటి వచ్చి ఆగును; అందుండి అమ్మువాని తోబుట్టువు దిగును. "ఏంరా తమ్ముడూ, మా నాయన భూమిలో నాకు వాటా లేదా?" అని ఆమె అడుగు ప్రశ్నకు న్యాయశాస్త్రమున గాని, ధర్మశాస్త్రమున గాని నాకు తెలిసిన ప్రత్యుత్తరము లేదు, ఏలయన ఆమె చెప్పునది నిజము. తమ్ముడు నావంక చూచును. కొనువాడు నావంక చూచును. ఆమెయు, ఎవ్వడీ మనిషియని నావంకే చూచును. గోదావరి మూడవ హెచ్చరిక దాటినచో లోతట్టువారిని పునరావాసకేంద్రములకు తరలించి పులిహోర పొట్లములు పంచుదురు. నా పునరావాసకేంద్రము మా యిల్లే. అచ్చట ఉప్మా దొరకును, సానుభూతి మాత్రము పరిమితముగా దొరకును.

ఒత్తిడి విషయమున ఈ సీమకు గొప్ప పరంపర కలదని తలచుకొనుట నాకొక ఊరట. పాల్వంచ పరగణాకు తహశీల్దారైన కంచర్ల గోపన్నగారు సర్కారు సొమ్ముతో రాములవారికి గుడి కట్టించి, గోలకొండ చెరసాలలో పండ్రెండేండ్లు గడపెనని ప్రతీతి. అంతటి కష్టమునను ఆయన అద్దము ముందు నిలువలేదు. ఏ నగకెంత వ్యయమైనదో పద్దు తరువాత పద్దుగా రాముని యెదుట ఏకరువు పెట్టి, తిట్టవలసిన చోట తిట్టి, పిమ్మట క్షమాపణ చెప్పుకొని, అదంతయు కీర్తనలుగా వ్రాసెను. కక్షిదారుని నిలదీయుట యనగా అదీ! కథ ముగింపు మరియు రమ్యమైనది. రామలక్ష్మణులు రామోజీ లక్ష్మోజీలను పేర్లతో రాత్రివేళ తానీషా పడకటింటికి వచ్చి ఆరు లక్షలు నగదుగా చెల్లించిరట. ఈ కాలమున అంత సొమ్ము రాత్రిపూట నగదుగా ఇచ్చినచో ఆదాయపు పన్నువారు రామోజీ చిరునామా అడుగుదురు. ఆ మాట అటుంచి, నన్ను పరవశుని చేయునది తరువాతి ఘట్టము. వారు రసీదు పుచ్చుకొని గాని కదలలేదు! సర్వసాక్షియైన భగవంతుడే తానీషా మాటపై నిలువక రసీదడుగగా, మా పల్లెలలో తరతరములుగా తెల్లకాగితముపై నాలుగు గీతలు గీకి సాదాబైనామాయని పేరుపెట్టి ఎకరములకెకరములు మార్చుకొన్నారు. ఆ కాగితములు ఎలుకలు కొట్టిన తరువాత నావద్దకు తెత్తురు.

రసీదు పుచ్చుకొన్న ఆ రామునికైనను నిశ్చింత దక్కినదా? భద్రాచలము 1959 దాకా తూర్పుగోదావరి జిల్లాలో నుండి, ఆ పిమ్మట ఖమ్మము జిల్లాలో చేరి, 2016లో భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలోనిదయ్యెను. నడుమ 2014లో పోలవరము నిమిత్తమై చుట్టుపట్ల గ్రామములు ఆంధ్రప్రదేశునకు పోగా, స్వామి తెలంగాణలోను, పురుషోత్తపట్నములోని స్వామి భూములు పొరుగు రాష్ట్రములోను మిగిలినవి. ఎవ్వరును ఒక్క అడుగు కదలకయే ఇంతయు జరిగినది. రికార్డుల సంగతి చెప్పనేల? 2020లో వచ్చిన పోర్టలునకు ధరణియని స్వామి అత్తగారి పేరు పెట్టిరి. 2025లో భూభారతి వచ్చినది. పాస్‌వర్డు పాతదా కొత్తదా యను చిన్న సందేహము నాకింకను మిగిలియున్నది.

ఇట్లుండగా మొన్నటి దినమున హండ్రెడ్ పర్సెంట్ ఫోను చేసెను. స్వరము క్రుంగియుండెను.

"అన్నా, మా పాప పేరు మీద ఒక బిట్టు తీసుకుందామనుకుంటున్న. నువ్వొకసారి కాయితాలు చూడాలె."

"నీకు నేనెందుకు తమ్ముడూ? నీదంతా హండ్రెడ్ పర్సెంటే గదా?"

"అది గిరాకీలకన్నా. ఇది మన డబ్బు."

కొన్ని రాత్రులుగా వానికి నిద్ర లేదట. రాత్రి రెండుగంటలకు మెలకువ వచ్చుచున్నదట. బై నెంబరు గుర్తుకు వచ్చుచున్నదట. నేను మిగుల ఆదరముతో వింటిని. పరుని అనుమానము ఇంత చల్లగా నుండునని అంతవరకు నాకు తెలియదు. ఇరువురమును కలిసి మండల కార్యాలయమునకు పోతిమి. సర్వరు పనిచేయుటలేదని గుమాస్తా చెప్పగా, ఎదుట రోడ్డువార నున్న టీకొట్టులో బల్లపై కూర్చుంటిమి. ఆ గ్రామము జాబితాలో నున్నదా లేదా యని వాడు నన్ను పదేపదే అడుగుచు, చేతిరుమాలుతో మెడ తుడుచుకొనుచు, తన దిగులు చెప్పుకొనుచుండెను. ఇంతలో వాని చూపు టీకొట్టు వెనుక భాగమునకు పోయెను. రోడ్డు వంకకు వచ్చెను. మరల వెనుకకు పోయెను. వెన్ను నిటారయ్యెను, కన్నులు వెలిగెను, రుమాలు జేబులోనికి పోయెను.

"అన్నా, ఈ జాగ చూసినవా? రోడ్డు బిట్టు, తూర్పు మొగం. రేపో మాపో ఇటు నాలుగు లైన్ల రోడ్డొస్తది. తీసిపెట్టుకో."

"క్లియరేనా?" అని అడిగితిని.

"హండ్రెడ్ పర్సెంట్!"

టీ వడపోయుచున్న ముసలాయన తల యెత్తకయే, "అది పంచాయతీ జాగ నాయనా, నాది కూడా కాదు" అనెను.

హండ్రెడ్ పర్సెంట్ వానివంకకు తిరిగి, "నీది కాకపోతే ఇంకా మంచిది పెద్దాయనా, వాటాల గోల ఉండదు" అనెను.