బ్రూనో బాబు కనబడుట లేదు

సంక్రాంతి సెలవులకు పట్నం నుంచి దుబ్బాక వచ్చే కార్లలో ఈమధ్య ఒక కొత్త చుట్టం దిగుతున్నది. సీటు దానిది, ఏసీ దానిది. తాతకని కొన్న శాలువా కూడా దాని కిందే పరిచి ఉంటుంది. వాకిట్లో ముగ్గేస్తున్న అమ్మమ్మ మురిపెంగా "కుక్కను గూడ తోల్కచ్చిండ్రా బిడ్డా" అన్నదో లేదో, మనవరాలి మొహం మాడిపోతుంది. "కుక్క అనకు అమ్మమ్మా, బ్రూనో అను. వాడు మా ఫ్యామిలీ మెంబర్." తన ఫ్యామిలీలో మెంబర్లు ఎందరో ఆ ముసలామెకు ఆ పూటే తెలుస్తుంది.

బ్రూనోది చిన్న వంశమేమీ కాదు, సైబీరియన్ హస్కీ. 1925 చలికాలంలో అలాస్కాలోని నోమ్ అనే ఊళ్లో డిఫ్తీరియా ప్రబలితే, మంచు తుఫానులో మందు మోసిన బండ్లను లాగినవాటిలో ఈ జాతి కుక్కలున్నాయి. వంతులవారీగా వెయ్యి కిలోమీటర్ల పైచిలుకు దూరాన్ని ఆరు రోజుల లోపే దాటించాయి. ఆ వంశాంకురానికి దుబ్బాక బస్టాండు ఏ దిక్కున ఉందో తెలియదు. తప్పు వాడిది కాదు. నాలుగో అంతస్తు ఫ్లాటులో పెరిగాడు. లిఫ్టులో దిగి కాలెత్తి, మళ్లీ లిఫ్టులో ఎక్కడమే వాడెరిగిన దేశాటన.

ఇక పండుగ. డాబా మీద పతంగులు, పక్క గల్లీలో డీజే. మనకే గుండెలదిరే ఆ మోతకు, మనకంటే చురుకైన చెవులున్న జీవి ఏమవుతుందో ఎవరూ అనుకోలేదు. గేటు ఎవరో తీసిపెట్టారు. ఫ్యామిలీ మెంబర్ పరారు. ఆ సంగతి పతంగి తెగి కిందికి చూసిన తర్వాతగాని ఫ్యామిలీకి తెలియలేదు. వెంట వచ్చిన కుక్కను వదలమంటే ధర్మరాజు స్వర్గాన్నే వద్దన్నాడు. మనవాళ్లు చర్ఖా వదల్లేదు.

ఆ తర్వాత మొదలయ్యే దాన్ని వీళ్లు 'సెర్చ్' అంటారు. అందులో కాలినడకకు తావు లేదు. మొట్టమొదట వాట్సాప్ స్టేటస్, పక్కన కన్నీటి బొమ్మలు నాలుగు. రెండోది రీలు. ఏడుపు సరిగా పడలేదని మళ్లీ తీసిన రీలు మూడోది. ఆ తర్వాత పోస్టరు: 'మా బ్రూనో బాబు కనబడుట లేదు. ఆచూకీ తెలిపిన వారికి పది వేల రూపాయలు'. ఈ తెలుగు మనది, పోస్టరు నిండా ఇంగ్లీషే. బ్రూనోకు వచ్చిన భాష అదే కాబట్టి, చూస్తే వాడే చదువుకుంటాడని కాబోలు. కారు అద్దాలు కాస్త దించి గల్లీగల్లీకీ హారన్ కొట్టుకుంటూ 'బ్రూనో, కమ్ హియర్' అని అరవడం చివరి అంకం. డీజే మోతకు బెదిరి పారిపోయినవాణ్ని హారన్ మోతతో పిలవడం అన్నమాట.

ఫోటో పట్టుకుని ఇంటింటికీ తిరిగేవాళ్లు దుబ్బాకకు కొత్త కాదు. 2020 నవంబరు ఉప ఎన్నిక 1,079 ఓట్ల తేడాతో తేలిన ఊరు ఇది. ఒక్కో గడప ఎందరు దండాలకు అరిగిందో ఆ గడపకే తెలుసు. అందుకే కారు వాకిట్లో ఆపి పోస్టరు చూపిస్తే, తలుపు తీసినాయన అలవాటు కొద్దీ "ఏ పార్టీ అన్నా?" అంటాడు. ఇంకో ఇంట్లో, మగ్గం మూలకు పడ్డాక భివండీకి పోయిన కొడుకు తల్లి, పోస్టరును అటూ ఇటూ తిప్పి చూసి అడుగుతుంది: "మా పోరడు ఫోన్ చేసి ఎన్నొద్దులైందో బిడ్డా. వాని ఫోటువ గూడ గీ కాయితంల ఏస్తరా?" దీనికి జవాబు చెప్పే తీరిక సెర్చ్ టీముకు ఉండదు.

వాళ్ల తీరిక అంతా అనుమానాలకే సరిపోతుంది. పాత ఇనుప సామాను కొనేటాయన పొద్దున ఇటే పోయాడు కదా? గొర్లకాపరి బ్రూనోను అట్లా ఎందుకు చూశాడు? ఎదురింటి పిల్లలు బిస్కెట్ ఎందుకు పెట్టారు? గేటు తీసింది తమ బావమరిది అన్న సంగతి ఒక్కటే ఎవరికీ తట్టదు. రాత్రికల్లా ఊరు మొత్తం ముద్దాయి. 'ఈ ఊళ్లో మనుషులు ఇట్లాంటోళ్లని అనుకోలేదు' అని ఇంకో స్టేటస్. అల్లుణ్ని ఏమీ అనలేక అత్తగారు కొమురవెల్లి మల్లన్నకు మొక్కుకుంటుంది. పండుగ తర్వాతి ఆదివారమే అక్కడ పట్నంవారం. మొక్కు తీర్చడానికి ఎక్కువ రోజులు పట్టదని ఆమె ధైర్యం.

వెతకడం తెలియక కాదు ఈ తంతంతా, నడవడం ఇష్టం లేక. 2012లో అచ్చయిన ఒక అమెరికా సర్వేలో, తప్పిపోయిన కుక్కల్లో నూటికి తొంభైమూడు తిరిగి దొరికాయని తేలింది. వాటిలో దాదాపు సగం, యజమానులు చుట్టుపక్కల తిరిగి వెతికితే దొరికినవే. ఇరవై శాతం వాటంతట అవే ఇంటికొచ్చాయి. పదిహేను శాతాన్ని మెడలో బిళ్లో ఒంట్లో చిప్పో ఇల్లు చేర్చింది. చిప్ అంటే చర్మం కింద పెట్టే బియ్యపు గింజంత వస్తువు, అందులో పదిహేను అంకెల నంబరు. బ్రూనోకు అది లేదు. మెడలో వెండి గజ్జెలున్నాయి, ఫోన్ నంబరు లేదు. ఒంటి మీద పుట్టినరోజు కోటు ఉంది, దానికి జేబు కూడా ఉంది, ఆ జేబులో అడ్రసు లేదు. పేరుకు ఫ్యామిలీ మెంబర్, ఇంటి నంబరు మాత్రం ఇవ్వలేదు.

కుక్క నిజంగానే తప్పిపోయిన ఇల్లు ఇది. పెరిగి పెద్దదై, జుట్టు రాలి, కరెంటు బిల్లు పెరిగాక ఊరి పొలిమేరలో వదిలేసి 'తప్పిపోయింది' అని పిల్లలకు చెప్పే ఇళ్లూ ఉన్నాయి. ఆకలికి, దాహానికి మాడేలా జంతువును వదిలేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద నేరమే. మొదటిసారికి జరిమానా పది రూపాయల నుంచి యాభై రూపాయల దాకా. బ్రూనో నెత్తికి రాసే షాంపూ ఒక్క చుక్క కూడా రాదు ఆ డబ్బుకు.

ప్రేమ ముదిరితే ఎక్కడికి పోతుందో మహబూబ్‌నగర్ జిల్లా పొన్నకల్ చూసింది. 2024 ఫిబ్రవరిలో ఒక రాత్రి అక్కడ ఇరవై వీధికుక్కలను తుపాకీతో కాల్చి చంపారు. ఒకరి పెంపుడు కుక్కను వీధికుక్కలు చంపాయన్న కక్షతో చేశారని పోలీసులు తేల్చారు. భారతం ఆదిపర్వంలో, ఏ తప్పూ చెయ్యని తన పిల్లను కొట్టారని సరమ అనే కుక్క జనమేజయుణ్నే నిలదీసి శపించింది. పొన్నకల్‌లో ఆ ఇరవై కుక్కల కోసం స్టేటస్ పెట్టినవాడు లేడు. రంగు గోధుమ, పేరు లేదు, ఇంగ్లీషు రాదు.

బ్రూనో దొరికాడు లెండి. ఇట్లాంటివాళ్లు దొరికేది ఎప్పుడూ ఒకచోటే, ఇంటి వెనక రెండో గల్లీలో. బర్ల కొట్టంలో గడ్డి మీద ముడుచుకుని పడుకున్నాడు. చుట్టూ ఊరకుక్కలు మూడు. తెల్లారకముందే వీధులూడ్చే మున్సిపాలిటీ కార్మికురాలు వాటి అరుపు విని, ఇది రోజూ వినే అరుపు కాదని పోయి చూసింది. తాను తెచ్చుకున్న సద్దిలోంచి ఒక రొట్టెముక్క పెట్టి, మెడకు చున్నీ కట్టి నడిపించుకొచ్చింది. రీళ్లు లేవు, హారన్ లేదు.

వాకిట్లో కౌగిలింతలు, కన్నీళ్లు, మూడో రీలు అయ్యాయి. ఆమె ఇంకా నిలబడే ఉంది. పోస్టరు ఆమె చదవలేదు గానీ, అందులో ఏమున్నదో ఊరంతా చెప్పుకున్నారు.

"ఎక్కడ దొరికింది?" అల్లుడి గొంతులో అప్పుడే ఏదో మారింది. "ఇన్ని గంటలు నీ దగ్గరే ఉంచుకున్నవా?"

"నా కాడ ఎందుకుంటది సారు? మీ ఇంటెన్కనే ఉండె."

"ఇంటి వెనకేనా? దానికి పదివేలా?" అంటూ ఫోన్ తీసి, అయిదు వందలు కొట్టడానికి ఆమె నంబరు అడిగాడు.