ప్రైమర్ దండగ

కారు చక్రాలకి ఇంట్లోనే రంగు వేసుకుందామనుకునే అండమాన్ వాసులు ముందు తేల్చుకోవలసింది రంగే. నలుపా, గన్‌మెటలా, పండగ వస్తోంది కాబట్టి బంగారు రంగా? ఇంట్లోవాళ్లని అడగండి, ఎదురింటివాళ్లని అడగండి, వాట్సాప్ గ్రూపులో ఫొటోలు పెట్టండి. 2011 జనాభా లెక్కల్లో ఈ ద్వీపాల జనంలో దాదాపు 13 శాతం మంది మాతృభాష తెలుగని తేలింది కాబట్టి ఉచిత సలహాకి కరువుండదు. ఇంత మథనం జరిగాక ఎవరైనా ప్రైమర్ సంగతి ఎత్తితే మాట మార్చేయండి. ప్రైమర్ ఎవరికి కనిపిస్తుంది? కనిపించనిదానికి డబ్బు తగలేయడం మన ఇంటా వంటా లేదు. 2024 సెప్టెంబరులో పోర్ట్‌బ్లెయిర్ రాత్రికి రాత్రి శ్రీ విజయపురం అయిపోయింది. అంత పెద్ద ఊరి పేరే అంత సులువుగా మారినప్పుడు, తుప్పు గీకకుండా ఒక చక్రం రంగు మారదా?

సామాను సంగతి. అబర్డీన్ బజార్లో దొరికే డబ్బాలు మన స్థాయికి చాలవు. మీ మనసులో పడ్డ ఆ ఒక్క ఛాయ చెన్నైలోనో విశాఖలోనో ఉంటుంది. ఓడ కోసం ఎవరు కూర్చుంటారు? సెలవులకి వచ్చే బావమరిదికి చెప్పి విమానంలో తెప్పించండి. స్ప్రే రంగు డబ్బాలో మండే వాయువు ఉంటుందనీ, చేతిసంచీలో పెట్టినా పెద్దపెట్టెలో పెట్టినా విమానంలోకి రానివ్వరనీ ఆయనకి ముందే చెప్పకండి, కంగారుపడతాడు. ఎయిర్‌పోర్టులో స్కానర్ దగ్గర వాళ్లే చెబుతారు.

రంగు చేతికొచ్చాక, చక్రం కడగాలా అక్కర్లేదా అన్న చర్చ లేస్తుంది. మన దగ్గర గాలే ఉప్పు. మెరీనా పార్కు పక్కన ఓ సాయంత్రం బండి ఆపి, అద్దం మీద వేలితో రాసి నాలుక మీద పెట్టుకుంటే తెలిసిపోతుంది. ఏ చోట ఇనుము ఎంత జోరుగా తుప్పు పడుతుందో చెప్పే ఐఎస్ఓ 12944 ప్రమాణం సీ1 నుంచి సీ5 దాకా మెట్లు కట్టి, నడిసముద్రానికీ ఉక్కపోత దేశాలకీ అది చాలదని పైన సీఎక్స్ అని ఇంకో మెట్టు వేసింది. మన కాపురం ఆ పై మెట్ల మీదే. ఉప్పు రేణువు రంగు కింద చిక్కుకుంటే ఊరుకోదు, రంగు పొరలోంచి తేమని లోపలికి లాక్కుంటుంది. ఆ నీరు చేరేకొద్దీ రంగు పొక్కులుగా లేస్తుంది. పొక్కు చిదిపితే తుప్పునీళ్లు. కాబట్టి ముందుగా సబ్బుతో, మంచినీళ్లతో, చక్రం వెనకవైపు కూడా వదలకుండా కడిగి, దాని మీద ఉప్పు ఆనవాలు లేకుండా చెయ్యాలని పనివాళ్లు చెబుతారు. చెప్పడానికేం! ఎండాకాలంలో ధనిఖారి డ్యామ్ అడుగంటితే కుళాయిలో నీళ్లు ఏ రోజు వస్తాయో తెలియదు. తాగడానికి పట్టుకున్న నీళ్లు చక్రాలకి పోస్తామా? కార్బిన్స్ కోవ్‌కి తోలుకెళ్లి సముద్రంలోనే కడగండి. నీళ్లకి కొదవ లేదు, బిల్లు రాదు, పిల్లలకి షికారూ అవుతుంది.

కడిగాక కొబ్బరినూనె గుడ్డతో ఓసారి తుడిస్తే నిగనిగలాడుతుంది. నూనె తగిలిన చోట రంగు పరుచుకోక గుంటలు గుంటలుగా విడిపోతుంది. ఎవరైనా అడిగితే డిజైన్ అనండి.

గీకుడు మాత్రం వద్దు. 80 నంబరు ఎమరీతో మొదలుపెట్టి 180, 320 మీదుగా 400 నీళ్ల పేపరు దాకా నాలుగు చక్రాల్నీ రుద్దడమంటే రెండు ఆదివారాలు పోయినట్టే. ఫుట్‌పాత్ అంచుకి రాసుకున్న గీతలకి గోడ లప్పం మిగిలుంటే కూరేయండి. మొదటి గతుకులోనే రాలిపోతుందంటారు. గతుకుల్లేని రోడ్డు మీద నడపండి.

ఇంత చెప్పినా ప్రైమర్ వెయ్యాల్సిందేనని ఇంట్లో పట్టుబడితే, కిటికీ గ్రిల్లుకి వేయగా మిగిలిన రెడాక్సైడ్ ఏ చక్రానికైనా పూసేయండి. చక్రం ఇనుముదా, అల్లాయా అని ఆరా తీయడం అనవసరం. ఫ్రిజ్ మీది అయస్కాంతం తీసి ఆనించి, అంటుకుంటే ఇనుము, జారిపోతే అల్యూమినియం అని తేల్చుకునేవాళ్లున్నారు. ఆ తేడా ఎందుకు చూడాలో కూడా చెబుతారు. గీకిన అల్యూమినియానికి గాలి తగిలీ తగలగానే మీద సన్నటి ఆక్సైడు పొర కమ్మేస్తుంది. దాని మీద మామూలు ప్రైమర్‌కి పట్టు దొరక్క, రంగుతో సహా పెచ్చులు పెచ్చులుగా వచ్చేస్తుంది. అందుకని అల్లాయ్‌కి ఫాస్ఫారిక్ ఆమ్లం కలిసిన ఎచ్ ప్రైమరో, రెండు డబ్బాలు కలిపి వేసే ఎపాక్సీ ప్రైమరో వాడతారు. ఇనుప రిమ్ముకైతే తుప్పు గీకేసి ఎపాక్సీయో జింక్ ఫాస్ఫేట్ ప్రైమరో వేస్తారు. మీరు ఇంకా తెలివిగా ఎచ్ ప్రైమర్ మీద నేరుగా ఎపాక్సీ వేసి రెట్టింపు బలం రాబట్టండి. ఎచ్‌లో మిగిలిన ఆమ్లం ఎపాక్సీని గట్టిపడనివ్వకపోవచ్చని డబ్బా మీద చిన్న అక్షరాల్లో ఉంటుంది. చిన్న అక్షరాలు చదివి బాగుపడ్డవాళ్లెవరు?

రెడాక్సైడ్ కూడా దొరక్కపోతే జంగ్లీఘాట్ వెళ్లండి. అక్కడి మన ఉత్తరాంధ్ర చేపలవాళ్లని అడిగితే పడవ అడుగుకి వేసే యాంటీఫౌలింగ్ రంగు కొంచెం పోస్తారు. అలాంటి ఎన్నో రంగుల్లో కుప్రస్ ఆక్సైడు ఉంటుంది. అందులోని రాగి సముద్రంలోకి కొద్దికొద్దిగా దిగుతూ నాచునీ గుల్లల్నీ దగ్గరికి రానివ్వదు. అల్యూమినియం పడవకి మాత్రం ఈ రాగి రంగు వేయరు. ఉప్పునీళ్లు తగిలిన చోట రాగి, అల్యూమినియం కలిస్తే బ్యాటరీ తయారై అల్యూమినియాన్ని తినేస్తుంది. అల్లాయ్ చక్రమూ అల్యూమినియమేగా అని సందేహించకండి. మీ చక్రాలకి గుల్లలు పట్టవు, అది చాలు.

ఇక ముహూర్తం. జనవరి నుంచి ఏప్రిల్ దాకా పొడి నెలలు. అవి పర్యాటకుల్ని తిప్పడానికి, పెళ్లిళ్లకి. రంగు పని వానాకాలంలోనే పెట్టుకోవాలి, ఇంట్లో ఎలాగూ ఖాళీయే. నైరుతి దేశంలో మొదట అడుగుపెట్టేది మన గడపలోనే, మే మూడో వారానికల్లా. అది వెళ్లకముందే ఈశాన్యం అందుకుని డిసెంబరు దాకా లాగుతుంది. ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్లు, అంటే విశాఖలో పడేదానికి మూడింతల దగ్గర. పెయింటింగ్ పుస్తకాల్లో రెండు లెక్కలుంటాయి: గాలిలో తేమ 85 శాతం దాటకూడదు, లోహం వేడి మంచు బిందువు కన్నా కనీసం 3 డిగ్రీలు ఎక్కువుండాలి. జూలైలో మన పెరట్లో 28 డిగ్రీల వేడి, 90 శాతం తేమ ఉంటే మంచు బిందువు 26 దాకా వస్తుంది. అంటే తేడా 2 డిగ్రీలే. రంగులోని థిన్నర్ ఆరిపోతూ ఆ కాస్త వేడినీ లాగేస్తుంది, చల్లబడ్డ పొర మీద గాలిలోని నీళ్లు దిగుతాయి. మీ నల్లరంగు తెల్లగా, పాలు ఒలికినట్టు మసకబారుతుంది. దీన్ని కంపెనీవాళ్లు మ్యాట్ ఫినిష్ పేరుతో అదనంగా డబ్బు పుచ్చుకుని ఇస్తారు, మనకి వాన ఉచితంగా ఇస్తోంది.

డబ్బా ఎంపికలో ఒక కిటుకు. చక్రాల రంగు కొనకండి, సైలెన్సర్ రంగు కొనండి. దాని మీద 600 డిగ్రీలు తట్టుకుంటుందని రాసుంటుంది, చూడ్డానికే గౌరవంగా ఉంటుంది. ఆ జాతి రంగులు చాలావాటికి గట్టిపడాలంటే 200 డిగ్రీల పైన కాలాలి. సైలెన్సర్ ఆ వేడి ఇస్తుంది. బజారుకెళ్లి వచ్చే కారు చక్రం ఇవ్వదు. గోరు తగిలితే ఊడొస్తుంది కాబట్టి గోళ్లు తీసుకోండి.

పూత ఒక్కటే వేయండి, దట్టంగా. పలచగా మూడు నాలుగు పూతలు, ఒక్కో పూతకీ పది నిమిషాల విరామం అంటూ కూర్చుంటే రంగు కారదు, నిజమే. ఆదివారం కారిపోతుంది.

క్లియర్ కోటుకి ముక్కుకి జేబురుమాలు చాలు. గట్టి మెరుపునిచ్చే రెండు భాగాల క్లియర్లలో ఐసోసయనేట్ ఉంటుంది. ఊపిరితిత్తులకి అది ఒకసారి పడకపోయిందంటే ఆ తర్వాత కొంచెం తగిలినా ఉబ్బసం తిరగబెడుతుంది. దుమ్ము మాస్కు దాన్ని ఆపదు, రసాయన ఆవిర్లని పట్టే కార్ట్రిడ్జ్ మాస్కు కావాలి, అదీ బయట గాలిలో. జేబురుమాలు మాత్రం ఫొటోలో బాగుంటుంది.

చివరగా, మాస్కింగ్ టేపు మిగిల్చుకోండి. నట్లు కూర్చునే గుంటల్లోకీ, హబ్బుకి ఆనే వెనక చదునుకీ రంగు పోకుండా టేపు వేయమంటారు. అక్కడ చేరిన రంగు పొర తిరుగుడులో నలిగి రాలిపోతే, బిగించిన నట్టు వదులవుతుందని వాళ్ల వాదన. అందుకే చక్రాలు ఎక్కించి ఓ 50, 100 కిలోమీటర్లు తిరిగాక టార్క్ రెంచ్‌తో మళ్లీ సరిచూసుకుంటారు. మీకు అంత ఓపిక లేకపోతే నాకు అభ్యంతరం లేదు. మౌంట్ మణిపూర్ (పాత మౌంట్ హ్యారియట్) దారిలో దిగేటప్పుడు మాత్రం దయచేసి నా బండి వెనక రాకండి. ఊడిన చక్రం మీకన్నా ముందు నన్ను చేరుతుంది.