ఇందులో ఏముండాది అబ్బయా?

పుస్తకం పాఠకుడి చేతికి చేరాలి. ఈ మాట నేను చాలా సభల్లో చెప్పాను, ఇప్పటికీ నమ్ముతాను. కొట్టుకెళ్ళి కొనుక్కునే స్తోమత గాని, గ్రంథాలయం మెట్లెక్కే చొరవ గాని అందరికీ ఉండవు. అవి ఉన్నవాళ్ళ కోసం తలుపు తెరిచి కూర్చుంటే చాలదు. లేనివాళ్ళ గుమ్మం దాకా పుస్తకమే నడిచి వెళ్ళాలి. ఆ పట్టుదలతోనే ఇరవై నాలుగేళ్ళ వయసులో పుస్తకాలు కట్టుకుని సైకిలెక్కాను. ఆ రోజుల సంగతులు అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పాను గాని, ఒక్కటి మాత్రం ఇన్నేళ్ళుగా ఎక్కడా నోరు విప్పి చెప్పలేదు.

మాది నెల్లూరు జిల్లాలో నిమ్మతోటల ఊరు. ఇంటిపన్ను కట్టేటప్పుడు రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు కలిపి వసూలు చేసేవాళ్ళు. రసీదు మీద సెస్సు కనపడేది, ఊళ్ళో గ్రంథాలయం కనపడేది కాదు. 1996లో మేం ఏడుగురు కుర్రాళ్ళం కలిసి రామాలయం పక్కన ఖాళీగా పడివున్న గది అడిగి తీసుకున్నాం. సున్నం కొట్టుకున్నాం. ఇల్లిల్లూ తిరిగి పుస్తకాలు పోగు చేశాం. రిటైరైన మాస్టారొకాయన ఎమెస్కో వాళ్ళ పాకెట్ పుస్తకాలు బీరువా ఖాళీ చేసి ఇచ్చేశాడు. ఒక కమ్యూనిస్టు కుటుంబం మాస్కోలో అచ్చయిన తెలుగు పుస్తకాలిచ్చింది. రాదుగ, ప్రగతి ప్రచురణాలయాలవి. సోవియట్ దేశం విడిపోయి అప్పటికే అయిదేళ్ళు. ఆ నున్నటి కాగితం, ఆ రంగుల బొమ్మలు ఇక రావని తెలిసి, అట్టలేసి దాచుకున్న పుస్తకాలవి. ఇచ్చేటప్పుడు ఆ ఇంటావిడ ఒక్కొక్కదాన్నీ కొంగుతో తుడిచి ఇచ్చింది.

గది తెరిచాక రెండు నెలలు చూశాం. వచ్చినవాళ్ళే మళ్ళీ మళ్ళీ వచ్చారు. కాలువ అవతల కాలనీ నుంచి మాత్రం ఒక్క మనిషి రాలేదు. రామాలయం పక్క గదిలోకి వాళ్ళెందుకు రారో ఊళ్ళో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. గది ఎంచుకునేటప్పుడు మాకూ తట్టలేదు, తట్టి ఉండాల్సింది. అప్పుడు నాకు పాతూరి నాగభూషణం గారు గుర్తొచ్చారు. 1935లోనే కొల్లిపర, పెదవడ్లపూడి మధ్య కాలువ మీద పడవలో పుస్తకాలు తిప్పించిన మహానుభావుడాయన. పడవ ఆగిన చోటల్లా గట్టు మీదికే గ్రంథాలయం వచ్చినట్టు. మా కాలువలో పడవ నడవదు, గట్టు మీద సైకిల్ నడుస్తుంది. ఒక ఆదివారం పొద్దున కారియర్‌కి రేకుపెట్టె కట్టి, హ్యాండిల్‌కి చెరోవైపు గుడ్డసంచులు తగిలించి వంతెన దాటాను.

పిల్లలు మూగారు. పెద్దవాళ్ళు అరుగుల మీద నుంచే చూశారు. ఇన్సూరెన్సు మనిషనుకున్నారో, ఓట్ల కోసం వచ్చాననుకున్నారో. ముందుకొచ్చిన మొదటి పెద్దమనిషి ఒక అవ్వ. తోటల్లో రాలిన కాయ ఏరి, పండూ పచ్చీ వేరు చేసి, బస్తాలకెత్తే పని ఆమెది. కాలనీలో అందరూ ఆమెను నిమ్మకాయల అవ్వ అనే పిలిచేవాళ్ళు.

"ఊరకే ఇస్తావా?"

"ఊరకే అవ్వా. పదిహేను రోజులకి తిరిగిచ్చేయాలి. పేరు రాసుకుంటా, అంతే."

రిజిస్టరు తెరిచి, వేలిముద్ర వేయిద్దామని స్టాంపు ప్యాడు కోసం సంచిలో చెయ్యి పెట్టాను.

"పెన్నియ్యి," అంది అవ్వ.

నేల మీదే చతికిలబడి, రిజిస్టరు మోకాలి మీద పెట్టుకుంది. ఆమె పేరు మూడే అక్షరాలు. మొదటి అక్షరం రాసి, తల వెనక్కి పెట్టి చూసుకుని, తలకట్టు దిద్దింది. రెండో అక్షరానికి నాలుక పళ్ళ మధ్యకొచ్చింది. మూడోది గీత దాటి కిందికి జారితే చిన్నగా కసురుకుంది, నన్ను కాదు, ఆ అక్షరాన్ని. నిమ్మపులుసుకి వేళ్ళ చివర్లు తెల్లగా పగిలి ఉన్నాయి. రాయడం అయ్యాక పెన్ను మూత పెట్టి ఇచ్చింది.

"అక్షరదీపం బడికి పోయినాలే," అంది.

నెల్లూరు జిల్లాలో ఆ మాటకున్న విలువ వేరు. 1991 ప్రాంతంలో ఊరూరా నడిచిన ఆ రాత్రిబళ్ళలో కూర్చున్న ఆడవాళ్ళే దూబగుంటలో సారా కొట్టు మూయించారు. ఆ నిప్పు జిల్లా దాటి రాష్ట్రమంతా అంటుకుని 1993 అక్టోబరు 1న సారా నిషేధం తెచ్చింది. ఆ బళ్ళలో చదివిన వాచకంలోని ఒక పాఠం ప్రభుత్వం మెడలు వంచిందంటే పుస్తకానికి అంతకంటే గౌరవం ఇంకేం కావాలి? అలాంటి బళ్ళో అక్షరం దిద్దిన మనిషి నా రిజిస్టరులో సంతకం చేస్తుంటే నాకు ఒళ్ళు పులకరించింది.

అప్పట్నుంచీ ఆదివారం వస్తే చాలు, నా సైకిల్ గంట వినగానే అవ్వ వేపచెట్టుకి ఆనించిన నులకమంచం వాల్చేది. కొంగుతో దులిపేది.

"కూర్చో అబ్బయా."

"ఇంకా పదిళ్ళు తిరగాలవ్వా."

ఒక కాలు నేల మీద, ఒక కాలు పెడలు మీద పెట్టి అట్లాగే పుస్తకం అందించేవాణ్ణి. ఆమె రెండు చేతులూ పమిటకి తుడుచుకుని అందుకునేది. అటూ ఇటూ తిప్పి, అట్ట మీద అరచేత్తో రాసి, ప్రతిసారీ ఒకే మాట అడిగేది.

"ఇందులో ఏముండాది అబ్బయా?"

"చదువుకుంటే నీకే తెలుస్తుందవ్వా. నేను చెప్తే రుచి పోతుంది."

నవ్వేది. ఆ నవ్వు నాకిష్టంగా ఉండేది. కథ ముందే చెప్పేసి పాఠకుడి నోటి దగ్గర ముద్ద లాక్కోకూడదన్నది నా నియమం, ఎవరికీ చెప్పేవాణ్ణి కాదు. మళ్ళీ ఆదివారానికి పుస్తకం తయారుగా ఉండేది. పాత పంచె ముక్కలో చుట్టి, చెమ్మ తగలకుండా, ఒక్క కాగితం చెవి మడవకుండా. ఊళ్ళో చదువుకున్నవాళ్ళు తిరిగిచ్చే పుస్తకాల్లో కాఫీ మరకలుండేవి, పాలలెక్కలుండేవి. అవ్వ ఇచ్చిన పుస్తకం విప్పితే నిమ్మవాసన వేసేది. పగలంతా తోటలో ఒళ్ళు హూనం చేసుకుని, రాత్రి బుడ్డిదీపం దగ్గర ఒక్కో కాగితం తిప్పుతున్న ఆమె నా కళ్ళ ముందు కదిలేది. గదికి వచ్చాక ఆ పుస్తకాన్ని వెంటనే అరలో పెట్టబుద్ధయ్యేది కాదు.

ఒకసారి పెట్టెలోకి తొంగిచూసి రష్యా బొమ్మల పుస్తకం మీద వేలు పెట్టింది. మంచు మీద పరిగెత్తే గుర్రం బొమ్మ ఉంది దాని అట్ట మీద.

"అదియ్యి అబ్బయా."

"అది పిల్లలదవ్వా. నీకోసం మంచిది తెచ్చా చూడు."

అని 'మాలపల్లి' చేతిలో పెట్టాను. ఉన్నవ లక్ష్మీనారాయణ గారు వెల్లూరు జైల్లో రాసిన నవల. 1922లో అచ్చయితే మద్రాసు ప్రభుత్వం భయపడి నిషేధించిన నవల. మాలవాడలోని రామదాసు ఇంటిని తెలుగు నవలకి నడిమధ్యకి తెచ్చిన పుస్తకం ఎవరి ఇంటికి చేరాలో వాళ్ళ ఇంటికే చేరుతోందని నాకు పొంగు. ఈ ఒక్క పుస్తకానికి నా నియమం కొంచెం సడలించాను.

"ఇందులో ఏముండాది?"

"మీవాళ్ళ కథే ఉందవ్వా."

"మావోళ్ళ కతా? ఇంత లావుదా?" బరువు చూస్తున్నట్టు పుస్తకాన్ని చేతుల్లో ఎత్తింది. "ఇందులో ఎవరుండారు? ఏమైంది వాళ్ళకి?"

"చదువు, తెలుస్తుంది."

ఆ పుస్తకం మాత్రం గడువుకి రాలేదు. "అయిందా అవ్వా?" అంటే "ఇంకా కాలే అబ్బయా, ఉంచుకోనా?" అనేది. రిజిస్టరులో గడువు పొడిగించి, మళ్ళీ పొడిగించి, ఆరు వారాలు ఆమె దగ్గరే ఉంచాను. పరిగెత్తించకుండా నెమరేసుకుంటూ చదివే పాఠకురాలు దొరికిందని మా కుర్రాళ్ళతో గొప్పగా చెప్పుకున్నాను. తర్వాతా రెండుసార్లు అదే అడిగి తీసుకుంది.

ఏటా నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి కదా. 1998లో మా మండల కేంద్రంలో పెట్టిన సభకి నన్ను మాట్లాడమన్నారు. రాత్రంతా కూర్చుని రాసుకున్నాను. 1914లో బెజవాడ రామమోహన గ్రంథాలయంలో జరిగిన మొదటి గ్రంథాలయ మహాసభ, దానికి చిలకమర్తి వారి అధ్యక్షత, అయ్యంకి వెంకట రమణయ్య గారు దీని కోసం ధారపోసిన జీవితం, ఆ రోజుల్లో గ్రంథాలయాల్లో చదువురానివాళ్ళని కూర్చోబెట్టి పత్రికలు చదివి వినిపించడం, రాత్రిబళ్ళు నడపడం, అన్నీ చెప్పాను. ఆ దీపం ఆరిపోలేదంటూ చివర్లో నిమ్మకాయల అవ్వని వేదిక మీదికి పిలిచాను. ఆ వేళకి ఆమె రెండేళ్ళుగా నా పాఠకురాలు. రిజిస్టరు తెచ్చి చూపించాను. ఆ మూడక్షరాలు ఎనభై మూడు చోట్ల ఉన్నాయి. మొదట్లో గీత దాటి జారిపోయినవి చివరి పేజీల్లో వరసగా, నిటారుగా నిలబడ్డాయి. చప్పట్లు ఆగలేదు. శాలువా కప్పారు. రంగు కాగితం చుట్టి, రిబ్బను కట్టిన పుస్తకమొకటి బహుమతిగా ఇచ్చారు.

"ఇన్ని పుస్తకాల్లో నీకేది నచ్చిందమ్మా?" అని మైకు ముందు పెట్టారు.

అవ్వ మైకుని చూసింది, నన్ను చూసింది.

"అన్నీ మా అబ్బయ్య చేత్తో తెచ్చినయ్యే. అన్నీ మంచియ్యే," అంది.

మళ్ళీ చప్పట్లు. నేను కళ్ళు తుడుచుకున్నాను.

ఆ మరుసటి ఏడు ఉద్యోగం పరీక్షలని నెలరోజులు హైదరాబాదులో ఉండిపోయాను. తిరిగొచ్చేసరికి అవ్వ లేదు. జ్వరం వచ్చి నాలుగు రోజుల్లోనే పోయిందట. పుస్తకాల పెట్టె లేకుండా ఆ వంతెన దాటడం నాకదే మొదలు.

నన్ను చూసి కోడలు లోపలికెళ్ళి పంచె ముక్కలో చుట్టిన మూట తెచ్చింది. పైన 'మాలపల్లి'. దాని కింద సభలో ఇచ్చిన బహుమతి పుస్తకం. రంగు కాగితం చుట్టే ఉంది. రిబ్బను ముడి కూడా ఊడలేదు.

"ఇది విప్పనే లేదే," అన్నాను.

"విప్పి ఏం చేసుకుంటాదన్నా? ఆమెకి చదవను రాదు గదా."

నాకు అర్థం కాలేదు. సంతకం, అన్నాను. రాత్రిబడి, అన్నాను.

"సంతకమేన్నా వచ్చింది. పేరు రాసేదానికి వచ్చీ రాకముందే బడి ఆగిపాయ. నాకూ అంతే. అందరి ముందూ సంతకం పెట్టినాక చదువు రాదంటే నామోషీ గదా, ఎవురితోనూ అనొద్దనింది."

వేపచెట్టు కింద ఇద్దరం నిలబడే ఉన్నాం. ఆమె పుస్తకాన్ని నా చేతిలో పెట్టి, అవ్వలాగే అట్ట మీద ఒకసారి అరచేత్తో రాసింది.

"ఈ లావు పుస్తకంలో మావోళ్ళ కత ఉందని చెప్పినావంట. వచ్చినోళ్ళకల్లా తీసి చూపించేది. మనవడు హాస్టల్ నించి వస్తే చదివించుకుందామని అట్టిపెట్టుకుంది. వాడు చిన్నోడు, రెండు పేజీలు కూడబలుక్కుని ఆటలకి పాయ. ఇంకా కాలే, ఇంకా కాలే అనుకుంటా ఉండేది."

"మరి వారం వారం ఎందుకు తీసుకునేదమ్మా?"

"ఆ రాత్రిబడిలో ఒక పిల్ల లాంతరు దగ్గర కూర్చుని వీళ్ళకి కతలు చదివేదంట. ఆ సంగతే మా అత్త ఎప్పుడూ చెప్తా ఉండేది. ఆ పిల్ల పెళ్ళై పోయింది. పుస్తకాలేసుకుని నువ్వొచ్చినావు. నువ్వు చదువుతావనుకునింది."

నా గొంతు పూడుకుపోయింది. "ఒక్కసారి అడిగుంటే కూర్చుని అంతా చదివి వినిపించేవాణ్ణి కదమ్మా," అన్నాను.

ఆమె చెట్టుకి ఆనించిన నులకమంచం వైపు చూసింది.

"అడిగేదిగా అన్నా. వారం వారం మంచం వాల్చి అడిగేదిగా."