సోమలింగం మీద పన్ను

2016 జనవరి 16న ఢిల్లీ విజ్ఞాన్ భవన్‌లో ప్రధాని స్టార్టప్ ఇండియా ప్రణాళికను అట్టహాసంగా విడుదల చేశారు. రూ.10 వేల కోట్ల నిధి, మూడేళ్ల పన్ను విరామం, ఇన్‌స్పెక్టర్ల బెడద లేకుండా స్వీయ ధ్రువీకరణ. చప్పట్లే చప్పట్లు. అప్పటికి నాలుగేళ్లుగా ఏంజెల్ టాక్స్ మాత్రం తన పని తాను చేసుకుపోతోంది.

షేర్ ప్రీమియం ముసుగులో నల్లడబ్బు తెల్లబడుతోందని 2012 బడ్జెట్‌లో ప్రణబ్ ముఖర్జీ వేసిన వల అది. ఇంకా అమ్మకాలే మొదలుకాని కంపెనీలో పది రూపాయల షేరును ఓ ఆసామి నమ్మకం కొద్దీ వందకు కొన్నాడనుకుందాం. అధికారి లెక్కలో దాని విలువ ఇరవై. మిగతా ఎనభై? కంపెనీ ఆదాయమట, కట్టండి పన్ను! విలువ తేల్చడానికి రాబోయే ఏళ్ల రాబడి అంచనాలు రాసివ్వాలి. తర్వాతెప్పుడో అవే కాగితాలు ముందేసుకుని, ‘ఈ లాభాలేవి నాయనా?’ అని నిలదీసేవారు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నవాడు నయం. పన్ను శాఖ సోమలింగం సంపాదనకే నోటీసు పంపింది.

2019లో గుర్తింపు పొందిన స్టార్టప్‌లకు షరతులతో మినహాయింపు. 2023లో విదేశీ పెట్టుబడులకూ వడ్డింపు. 2024 జూలైలో నిర్మలా సీతారామన్ మొత్తానికే ఎత్తేశారు, అదీ ఆవిష్కరణలకు ఊతమివ్వడానికని చెప్పి మరీ. పన్నెండేళ్లు పీక మీద పెట్టిన కాలు తీయడం కూడా ప్రోత్సాహకాల పద్దులోకే వెళ్లింది.

ఇక పరిశోధన. మన ఖర్చు జీడీపీలో 0.64 శాతం, దక్షిణ కొరియాది 5 శాతం దరిదాపుల్లో. ఆ లోటు పూడ్చడానికి 2025 జూలై 1న కేంద్ర మంత్రివర్గం లక్ష కోట్ల పథకానికి ఆమోదం తెలిపింది. ఘనమే. కాకపోతే డబ్బు అందాలంటే టెక్నాలజీ నాలుగో మెట్టెక్కాలి, అంటే ప్రయోగశాలలో ముందే పనిచేసి చూపించాలి. కింది మెట్లకు వేరే ఫౌండేషన్ ఉంది గానీ, దాని తలుపు ప్రధానంగా విశ్వవిద్యాలయాలకూ పరిశోధన సంస్థలకూ తెరుచుకుంటుంది.

ఆలేరు ప్రాంత చేనేత కుటుంబానికి చెందిన చింతకింది మల్లేశం ఆ కింది మెట్ల మీదే 1992 నుంచి 1999 దాకా కుస్తీ పట్టారు. అమ్మ ఆసు పోసేది. ఒక్క చీరకు మేకుల చుట్టూ వేలసార్లు చేయి తిప్పితే భుజం పట్టేసేది. చివరికి హైదరాబాద్ బాలానగర్‌లో ఏదో యంత్రం కదలిక చూశాక చిక్కుముడి వీడింది. నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్ గుర్తించేనాటికి ఆసు యంత్రం తిరుగుతూనే ఉంది. 2017లో పద్మశ్రీ వచ్చేసరికి వందల ఇళ్లలో తిరుగుతోంది.