చుట్టి రావడమెంతసేపు!

చిక్కబళ్లాపురం దగ్గరి శ్రీనివాససాగరం డ్యాం చుట్టూ కొండలెక్కి దిగి, బయల్దేరిన చోటికే చేరాలని ముచ్చటపడేవాళ్లు ముందుగా చేయాల్సిన పని ఒకటుంది. ఫోన్‌లో మ్యాపు తెరిచి, నీళ్ల అంచు వెంబడి చూపుడువేలితో ఒక చుట్టు చుట్టండి. వేలికి అరనిమిషం పట్టింది కదా, కాళ్లకు మహా అయితే మూడు గంటలు. మ్యాపులో వంకర గీతలు ఒకదాన్నొకటి ఆనుకుని కనిపిస్తే కంగారు పడొద్దు. అవి ఎత్తును చూపే గీతలనీ, ఎంత దగ్గరగా ఉంటే కొండ అంత నిటారనీ చెప్పేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. వాళ్లకు పనిలేదు.

లెక్క కావాల్సిందేనంటే, 1892లో స్కాట్లాండు మనిషి విలియం నైస్మిత్ చెప్పిన సూత్రం ఉంది. ఐదు కిలోమీటర్ల నడకకు ఒక గంట, ఎక్కే ప్రతి 600 మీటర్లకు మరో గంట. 12 కిలోమీటర్ల చుట్టు, మొత్తం కలిపి 600 మీటర్ల ఎక్కుడు అనుకుంటే 3 గంటల 24 నిమిషాలు. ఆ 24 నిమిషాలు కొట్టేయండి. నైస్మిత్ లెక్కలో లంటానా పొదలు లేవు, తుమ్మకంప లేదు, ఆగి నీళ్లు తాగడం లేదు, ప్రతి బండ మీదా "ఒక్క ఫొటో బావా" అనే బావమరిది అసలే లేడు. అవన్నీ కలిపితే లెక్క రెండింతలవుతుంది, ఉత్సాహం చచ్చిపోతుంది.

చింతామణి వాళ్లు కైలాసగిరి గుహల దాకానో, అంబాజీదుర్గం దాకానో ఎక్కి, ఎక్కిన దావనే దిగి ఇంటికి పోతారు. మనసు మారితే ఏ మలుపులోనైనా వెనక్కి తిరగొచ్చు, తెలిసిన దారే కాబట్టి చీకటిపడ్డా గండం లేదు. అందులో మజా ఏముంది? చుట్టుదారిలో సగానికి చేరాక వెనక్కి పోయినా అంతే దూరం, ముందుకు పోయినా అంతే. కాబట్టి ఆ సగం ఎక్కడొస్తుందో ముందుగా తెలుసుకోకూడదు. ఫలానా గంటకల్లా ఫలానా గుట్ట దాటకపోతే వెనుదిరగాలని కాగితం మీద రాసుకునే పిరికి అలవాటు ఉంటే ఈ రోజే మానుకోండి.

బయల్దేరడం పదిన్నర తర్వాతే. బాగేపల్లి నుంచి వచ్చే మిత్రుడు హైవే పక్కన ఇడ్లీ వడకు ఆగుతాడు, అది న్యాయమే. మనిషికి ఒక లీటరు నీళ్లు చాలు, డ్యాం నిండా నీళ్లే కదా. అనుమతి సంగతా? పక్కనున్న స్కందగిరికి అటవీ శాఖ ఆన్‌లైన్‌లో టికెట్ ఇస్తుంది, రాత్రిపూట ఎక్కడం నిషేధం. "అది స్కందగిరి సంగతి, మనది దాని పక్క గుట్ట" అని మీకు మీరే తీర్పు చెప్పుకోండి. ఆఫీసుకు పోయి అడిగితే వద్దంటారేమోనన్న భయం ఉంది.

దారిలో గొర్రెలు కాసే తాత ఎదురవుతాడు. "యాడికి పోతా ఉండారు సామీ? ఆ పక్క దావ లేదు. వంకలోకి నీళ్లు ఎక్కిండాయి, పైకంటా పోయి దాటల్ల" అంటాడు. డ్యాం నిండితే నీళ్లు గుండ్రంగా కుదురుగా నిలబడవు. కొండల నడుమ ఉన్న ప్రతి వంకలోకీ పాయ తీసుకుని వెనక్కి ఎక్కుతాయి. మ్యాపులో సన్నటి గీతలా ఉన్న పాయను దాటాలంటే, అది మొదలయ్యే చోటుదాకా గుట్ట ఎక్కి, మళ్లీ అవతలి ఒడ్డుకు దిగాలి. అలాంటివి ఎన్నున్నాయో ఆ తాతకు తెలుసు. మీరు మాత్రం "ఫోన్‌లో ఉంది తాతా" అని నవ్వి ముందుకు సాగండి.

నీళ్లు తగ్గిన చోట ఒడ్డు నేల పెంకులు పెంకులుగా పగిలి, నడవడానికే పరిచినట్టు ఉంటుంది. గొర్రెలు దాన్ని వదిలేసి పైనుంచి తిరిగి పోతున్నాయంటే వాటికి అడ్డదారి తెలీదన్నమాట. కాలు పెట్టండి. పైన ఎండిన పెంకు బొటనవేలి మందం. దాని కింద చల్లటి నల్ల ఒండు, మోకాలిదాకా. కాసేపటికి కాలు బయటికొస్తుంది, చెప్పు రాదు.

ఎండాకాలమైతే ఈ బాధ ఉండదు. అప్పుడు ఎండుగడ్డి మధ్య సిగరెట్టు వెలిగించి, తేనెపట్టు వేలాడే బండ కింద నీడకు కూర్చోవచ్చు. సెప్టెంబరు, అక్టోబరు మధ్యాహ్నాల్లో మబ్బు కమ్ముకుంటే శిఖరం మీది బండపైనే నిలబడండి, పిడుగు దగ్గరగా కనిపిస్తుంది. వాన సంగతి వాతావరణ శాఖను అడగడం దేనికి? యోగి కైవారం తాతయ్య తెలుగులో కాలజ్ఞానమే చెప్పిన జిల్లా ఇది. అందులో మీ ఆదివారం మధ్యాహ్నం గురించి ఏమీ లేదంటే వాన రాదనే అర్థం.

ఇక అసలు కిటుకు. ఏ చుట్టయినా చివరికి కట్ట దగ్గరే ముడిపడాలి. శ్రీనివాససాగరం నిండితే నీళ్లు గోడ మీదుగానే కిందికి దూకుతాయి. ఆ జోరు చూడటానికేగా జనం అంతా ఆ రోజుల్లోనే వచ్చేది. అంటే చూడ్డానికి బాగుండే కాలంలో దాటడానికి కుదరదు. దాటగలిగే కాలంలో చూడ్డానికి ఏమీ ఉండదు. తెలివైనవాళ్లు పొద్దున్నే ముందు కట్ట దగ్గరికి పోయి చూసుకుని, కుదరదనుకుంటే చుట్టు మానేసి ఒకే ఒడ్డున పోయి వస్తారు. మీరు గోడకు ఒక పక్కన బయల్దేరి, రెండో పక్కకు పొద్దుగూకే వేళకు, నీళ్ల సీసా ఖాళీ అయ్యాక, పిక్కలు వణుకుతుండగా చేరేట్టు ఏర్పాటు చేసుకోండి. అవతలి ఒడ్డున మీ కారు కనిపిస్తూనే ఉంటుంది. అంత దూరం వచ్చి, కారు కళ్లముందు పెట్టుకుని వెనక్కి తిరిగే మనిషిని నేనింతవరకు చూడలేదు. రాళ్ల మీద పచ్చటి పాకుడు మెత్తగా ఉంటుంది, తడిస్తే మరీనూ. 2022 మేలో ఒక కుర్రాడు ఆ గోడనే కింద నుంచి పాక్కుంటూ ఎక్కబోయి, జారిపడి గాయపడ్డాడు. పోలీసులు కేసు కూడా అతని మీదే పెట్టారు. ఆ వీడియో దేశమంతా తిరిగింది. పేరు రావాలంటే అదీ ఒక దారే.

ఏదైనా జరిగితే ఎలా అని ఇంట్లో అడుగుతారు. 2022 ఫిబ్రవరి 20న నంది కొండ పక్కన బ్రహ్మగిరి మీంచి జారి, దాదాపు 300 అడుగుల కింద చిక్కుకున్న 19 ఏళ్ల విద్యార్థిని వాయుసేన ఎంఐ-17 హెలికాప్టర్ వచ్చి పైకి లాగింది కదా అని చెప్పండి. ఆ కుర్రాడు ఎక్కడున్నాడో తెలిసింది కాబట్టే చిక్కబళ్లాపురం పోలీసులు యలహంక వాయుసేన స్థావరానికి కబురు పెట్టగలిగారన్న సంగతి మాత్రం ఎత్తొద్దు. మీరు "ఫ్రెండు ఇంటికి పోయొస్తా" అని చెప్పి బయల్దేరండి. రాత్రి తొమ్మిదైనా రాకపోతే వెతికేవాళ్లు ముందు ఫ్రెండు ఇంటికే పోతారు. వాళ్లమ్మ కూర్చోబెట్టి కాఫీ ఇస్తుంది, "మా వాడు కూడా మీ ఇంటికే వచ్చాడనుకున్నామే" అంటుంది. కొండల వైపు ఎవరైనా టార్చి పట్టుకుని కదిలేది ఆ కాఫీ అయ్యాకే.