పులుసు వాక్యానికి టీకా తాత్పర్యం

మూలం: "ఈ పులుసులో ఉన్నది మసాలా కాదండీ, మా అమ్మ ప్రేమ!"

అవతారిక: ఆదివారం మధ్యాహ్నం రెండోసారి అన్నం కలుపుకుంటూ ఇంటి పెద్దకొడుకు అతిథులకు సెలవిచ్చే వాక్యమిది. వంటల వీడియోల్లోనూ సన్మాన సభల్లోనూ ఇదే పాఠం. "మా ఆవిడ ప్రేమ" అని ఒక పాఠాంతరం ఉంది గానీ, అది ఆవిడ వినేంత దూరంలో ఉన్నప్పుడే దొరుకుతుంది.

టీక: పులుసు, మసాలా, అమ్మ. ఇవి సుగమాలు, వదిలేస్తున్నాం. మూలంలో లేనిది రాయననీ అక్కర్లేనిది చెప్పననీ కోలాచలం మల్లినాథసూరి నియమం పెట్టుకున్నాడు. ఆయన కాళిదాసుకు రాశాడు కాబట్టి చెల్లింది. చేపల పులుసు దగ్గర ఆ నియమం నిలవదు.

శంక: ప్రేమ ద్రవ్యమా, గుణమా? ద్రవ్యమైతే ఎన్ని చెంచాలు? గుణమైతే ఆశ్రయం కావాలి. ఆ ఆశ్రయం చేపా, చింతపండా, వండిన మనిషా? సమాధానానికి ముందు చేప సంగతి తేలాలి.

విశేషం: ఇక్కడ చేప అంటే పులస అని గ్రహించాలి. తక్కినవాటికి ఈ వ్యాఖ్య వర్తించదని కాదు, వ్యాఖ్యాతకు పులస ఇష్టం. సముద్రంలో ఉన్నంతకాలం ఇది విలస. గోదావరికి ఎర్రనీళ్లు రాగానే గుడ్లు పెట్టడానికి అంతర్వేది, యానాం వైపుల నుంచి ఏటికి ఎదురీదుతూ వస్తుంది. అప్పుడు పులస. 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట దాని దారికి అడ్డం పడింది. వండేది మట్టిదాకలో, సన్నసెగ మీద. చిక్కటి చింతపండు రసం, పచ్చిమిర్చి, బెండకాయలు, దించేముందు కాస్త ఆవకాయ నూనె. స్థాలీపులాక న్యాయం ఇక్కడ చెల్లదు. ఒక్క మెతుకు నొక్కి చూస్తే అన్నం సంగతంతా తెలుస్తుంది గానీ, పులుసులో గరిటె పెడితే ముక్క చెదురుతుంది. దాకను గుడ్డతో రెండువైపులా పట్టుకుని కుదపాలి, అంతే. ఆ పూట తినకూడదు. రాత్రంతా ఉంచాలి. మర్నాడు ముక్కకు పులుపు పట్టాక, వేడన్నంలో...

ఏం చెబుతున్నాం? ప్రేమ.

పుస్తెలమ్మైనా పులస తినాలన్న సామెతకు ఇంతవరకు ఎవరూ సరిగ్గా అన్వయం చెప్పలేదు. క్త్వార్థకానికీ ప్రధాన క్రియకీ కర్త ఒక్కరే కావాలని వ్యాకరణం. అమ్మిందీ ఆయనే, తిన్నదీ ఆయనే. వ్యాకరణం కుదిరింది. మెడ మాత్రం వేరేవాళ్లది.

అలంకారం: అపహ్నుతి. ఉన్నదాన్ని కాదని, మరోదాన్ని నిలబెట్టడం. "మసాలా కాదు" అనగానే దాన్ని నూరిన చెయ్యి కూడా వాక్యంలోంచి పోయింది. పొద్దున్నే పెరట్లో కూర్చుని బూడిద వేసి పొలుసు తోమింది ప్రేమ కాదు, ఆ అమ్మ. వేలికి గుచ్చుకున్నది మొప్ప. నిమ్మచెక్కతో ఎంత రుద్దినా సాయంత్రం దాకా వదలనిది నీచువాసన. ప్రేమ అనేస్తే వీటిలో దేనికీ వంతు పంచుకోనక్కర్లేదు. అదీ ఈ అలంకారానికి ఉన్న ప్రయోజనం.

ప్రేమ లేదని మేమనం. పులసకు సన్నముళ్లు లెక్కలేనన్ని. అవి ఏరి మనవడి ముద్దలో పెట్టే ఆవిడ వేళ్లను చూసినవాడెవడూ లేదనలేడు. అయితే ఆవిడ ఆ మాట ఎన్నడూ వాడలేదు. "ఇంకో ముక్క వేసుకో నాన్నా" అంటుంది. ధ్వని అంటే ఇది. కొడుకుగారిది ఉపన్యాసం.

పెద్దచేప చిన్నచేపను మింగడం మాత్స్యన్యాయం. రాజదండం లేనిచోట అదే జరుగుతుందని కౌటిల్యుడు. మన ఇళ్లలో రాజుగారు పీట మీదే ఉండగా కూడా అదే జరుగుతుంది. నడిమి ముక్కలూ గుడ్లూ ఆయన పళ్లెంలోకి వెళ్తాయి. అందరూ లేచాక కూర్చున్న ఆవిడకు తోక మిగులుతుంది. "నాకు తోకే ఇష్టం" అని ఆవిడ అంటుంది. దీన్ని శబ్దప్రమాణంగా స్వీకరించరాదు.

తాత్పర్యం: "అమ్మా, నువ్వు ముందు కూర్చో. వచ్చే ఆదివారం పొలుసు నేను తీస్తాను."

మూలంలో ఈ అర్థం ఎక్కడుందని పండితులు అడగవచ్చు. లేదు. అదే మా ఫిర్యాదు. వ్యాఖ్యలో ఇంకేమైనా దోషాలుంటే పెద్దలు చూపితే దిద్దుకుంటాం. ముందుగా ఆ దాక తోమి రావలసిందిగా మనవి.